పోతా అనగూడదు

ఫోన్ మోగినప్పుడు నా ఒళ్ళో చాట ఉంది. చాటలో వేయించిన చెనిక్కాయ పప్పులు. అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, పప్పులు గిన్నెలో వేస్తున్నాను. నా కనురెప్పల మీద కూడా ఎర్రటి పొట్టే. మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"సాయిశ్రీ గారా? నంద్యాల నుంచి చందనను మాట్లాడుతున్నాను. సర్వర్లు చూసే ఉద్యోగానికి మీరు రాసిన పరీక్ష పాసయ్యారు. ఈరోజు మూడింటికి ఆన్‌లైన్‌లో మీ సిస్టమ్ ఒకసారి చూస్తాను, పది నిమిషాల పని. గురువారం రెండింటికి చివరి ఇంటర్వ్యూ."

నేను లేచి నిలబడ్డాను. ఒళ్ళో చాట ఉన్న సంగతి అప్పుడు గుర్తులేదు. వరండా అంతా పొట్టు ఎగిరింది. ఎండలో ఆ పొట్టు ఎర్రగా తేలుతూ దిగుతుంటే ఎంత బాగుందో. నా కోసమే ఎవరో చల్లినట్టుంది.

"ఏందమ్మా అది, ఇల్లంతా పొట్టు" అంటూ మా అత్త ప్రభావతి వంటింట్లోంచి వచ్చింది.

"అత్తా, నేను పాసయినా."

"మంచిది. ఊడ్చేసి బేగా పొడి కొట్టు. రంజని అయితే ఈ పాటికి డబ్బాకెత్తి ఉండేది."

రంజని అక్క నా తోడికోడలు. మా బావ చక్రపాణి భార్య. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, బడికి పోయే పాప. అక్క పొట్టు ఊదితే పొట్టు చెప్పిన చోటే పడుతుంది. అక్క చేసిన బొరుగుల ఉగ్గాని తింటూ మా ఆయన కళ్ళు మూసుకుంటాడు. నేను చేసిన ఉగ్గాని తింటూ ఫోన్ చూసుకుంటాడు. నేను ఈ ఇంటికి వచ్చి నాలుగు నెలలు. అక్క మీద నాకున్న అసూయ వయసూ సరిగ్గా నాలుగు నెలలే.

అయినా ఆరోజు సంతోషం ముందు అది నిలవలేదు. 'మా ఆయన' అన్న మాటే నా నోట్లో ఇంకా కలకండ ముక్కలా ఉంది. మా ఆయన పేరు శ్రీవిష్ణు. గదిలో విష్ణూ అంటాను, గడప దాటితే ఏమండీ అంటాను. ఆ మార్పు కూడా నాకు ఒక ఆటే. ఆళ్ళగడ్డ బజార్లో మా మామ మహానందయ్య స్టీలు సామాన్ల అంగడిలో తండ్రీ కొడుకులు ముగ్గురూ కూర్చుంటారు. కొన్నవాళ్ళకు అక్కడే మిషనుతో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు. పెళ్ళయిన రెండో వారంలో విష్ణు నాకొక గ్లాసు తెచ్చాడు, దాని మీద 'సాయిశ్రీ' అని. దీర్ఘం కొంచెం పక్కకు పోయింది. ఆ వంకర కోసమే నేను రోజూ దాంట్లోనే నీళ్ళు తాగుతాను.

మధ్యాహ్నం విష్ణు బీరువా మీద నుంచి పాత ల్యాప్‌టాప్ దించాడు. "బెంగళూర్లో రెండేండ్లు దీంతోనే పని చేసినా. విండోస్ ఉండదు, లినక్స్ ఉంటాది. నీకు అదే గదా కావాల్సింది" అని దుమ్ము తుడిచి ఇచ్చి అంగడికి పోయాడు. లాగిన్ పేరు 'అంగడి' అని ఉంది. ముద్దొచ్చింది.

సరిగ్గా మూడింటికి చందన గారు తెర మీదికి వచ్చారు. నా తెర ఆమెకు కనబడేట్టు పెట్టమన్నారు. కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరవమన్నారు. తెరిచాను. మామూలుగా అయితే ఖాళీగా ఉండి మన మాట కోసం ఎదురుచూసే కిటికీ అది. కానీ పైన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కనిపించింది.

'వచ్చినావా? తిన్నావా?'

నేను చదివింది నిజమేనా అని మళ్ళీ చదివాను. చందన గారు వేరే ఫోల్డర్‌లోకి పొమ్మన్నారు. కొట్టాను. పోయింది, కానీ పోతూ పోతూ ఇంకో వరుస: 'యాడికి పోతాండావ్?'

"సరే, మూసేయండి" అన్నారామె, నవ్వు ఆపుకుంటూ. ఎగ్జిట్ కొట్టాను. 'అప్పుడే పోతాండావా? ఇంకొంచేపు కూచో' అంది. మూసుకోలేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ కూచోమంది.

"పోతా అని కొట్టి చూడండి" అన్నారు చందన గారు, సరదాకే. కొట్టాను.

'పోతా అనగూడదు.'

ఇక ఆమె ఆపుకోలేదు. నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ ఆయన రాశారా?"

"అవును మేడమ్" అన్నాను. అబద్ధమని నాకప్పుడు తెలియదు. ఇంకెవరు రాస్తారు? నాకు తెలియకుండా కూర్చుని, నేను తెరిచేసరికి తిన్నావా అని అడిగేలా పెట్టి, ఏమీ ఎరగనట్టు దుమ్ము తుడిచి ఇచ్చి పోయాడు. నా చెవులు వేడెక్కాయి.

"ముచ్చటగా ఉంది. కానీ పనిచేసే మిషన్ మీద ఎగ్జిట్ అంటే ఎగ్జిట్ కావాలి" అన్నారామె. "సాయిశ్రీ గారూ, గురువారం నా మొదటి ప్రశ్న ఇదే అనుకోండి. ఇది ఎక్కడి నుంచి వస్తోంది, ఎందుకు వస్తోంది? మీ ఆయన్ని అడిగి చెప్పకండి. మీరే వెతికి చెప్పండి. తెలియకుండా చెరిపేస్తే మార్కులు లేవు."

ఆ సాయంత్రం విష్ణు వచ్చేదాకా నేను నేల మీద నడవలేదు. వంటింట్లో అక్క పాలు కాస్తుంటే, పక్కన నిలబడి ఊరికే నవ్వాను. 'నీ ఉగ్గానికి కళ్ళు మూసుకుంటాడు సరే, ఇట్లాంటిది నీకెవరు రాస్తారు' అని లోపల అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం హాయిగా ఉండింది.

విష్ణు చెప్పులు విప్పుతుండగానే అడిగాను. "ఎప్పుడు రాసినావ్?"

"ఏంది?"

"తిన్నావా అని."

అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఓ, అదా. నేనెందుకు రాస్తా? బెంగళూర్లో నేను వాడేటప్పుడే వస్తాండె."

"మరి ఎవరు రాశారు?"

"ఏమో."

"రెండేళ్ళు చూశావు, ఎవరు రాశారని అనుకోలేదా?"

"అనుకునేదేముంది సాయీ. నన్నే అడుగుతాంది అనుకున్నా. తిన్నాలే అనుకుంటాంటి, మౌస్‌తో మూసేస్తాంటి."

కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. నేను గదిలోకి వచ్చి ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిచాను. గంట ఏడయింది. నల్ల కిటికీలో ఈసారి వేరే వరుస వచ్చింది.

'అలిసిపోయినావా బంగారూ?'

బంగారు. ఆ మాట దగ్గర నా లోపల ఏదో తెగింది. అంటే సమయాన్ని బట్టి అడుగుతోంది. ఒక్కపూట సరదాకు రాసింది కాదు. ఎవరో ఒకామె, పొద్దున ఏమనాలి, మధ్యాహ్నం ఏమనాలి, దీపాలు పెట్టే వేళకు ఏమనాలి అని కూర్చుని ఆలోచించింది. ఎవరి కోసం? ఆ రెండేళ్ళూ దీని ముందు కూర్చున్నది ఎవరో నాకు తెలుసు. ఆమె బెంగళూరు పిల్ల అయ్యుండదు. బెంగళూరు పిల్ల 'పోతాండావా' అనదు. హైదరాబాదు పిల్లా అనదు. ఖచ్చితంగా మన సైడు పిల్లే.

టీ గ్లాసు అందిస్తూ, మామూలుగా అడిగినట్టు అడిగాను. "మీ ఆఫీసులో మన సైడు అమ్మాయిలు ఎవరన్నా ఉండేవాళ్ళా?"

"ఒక పిల్ల ఉన్నింది. గోస్పాడు. ఎందుకు?"

"ఊరికే."

గోస్పాడు. నా పుట్టినూరు నంద్యాల పక్కనే. కాలేజీకి పోయేటప్పుడు ఆ ఊరి బస్సు ఎన్నిసార్లు చూశానో. ఆ పిల్ల పేరు అడగడానికి నాకు నోరు రాలేదు. పేరు లేకుండానే ఆమెకు పొడుగాటి జడ పెట్టాను, చక్కటి ముక్కు పెట్టాను, నాకు రాని పాటలన్నీ నేర్పించాను. ఆమె టిఫిన్ డబ్బా తెరిచి ఇతనికి ఇచ్చింది. ఇతను తిన్నాడు. అన్నిటికంటే ఎక్కువ మండింది ఎక్కడంటే, ఆమె అడిగిన మాట. తిన్నావా. ఈ ఇంటికి వచ్చి నాలుగు నెలలు, నన్ను ఆ మాట ఎవరడిగారు? పెట్టమన్నారు, వడ్డించమన్నారు, ఉప్పు తగ్గిందన్నారు. విష్ణు పూలు తెస్తాడు, గ్లాసు మీద పేరు తెచ్చాడు. తిన్నావా అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పిల్ల ఎవరో అతన్ని రోజుకు నాలుగుసార్లు అడిగింది, అతను మౌస్‌తో మూసేశాడు. నాకు దక్కనిది అతను పారేసుకున్నాడు. ఆ రెండు మంటల్లో ఏది పెద్దదో తేల్చుకోలేకపోయాను.

బుధవారం పొద్దున పనయ్యాక తొమ్మిదింటికి గది తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాను. గురువారం చందన గారికి జవాబు కావాలి. నాకు ఆ పిల్ల కావాలి. రెండూ ఒకచోటే ఉన్నాయి.

'టీ తాగినావా?' అంది మిషన్. నిజానికి తాగలేదు. అందరికీ ఇచ్చి పక్కన పెట్టుకున్నది ఆరిపోతే పారబోశాను.

మొదట 'ఎగ్జిట్ అంటే నీ లెక్కలో ఏమిటి' అని అడిగే కమాండ్ కొట్టాను. అసలు ఎగ్జిట్ కాదు, ఎవరో ఆ పేరుతో సొంతంగా రాసిపెట్టిన పని అని చెప్పింది. అంటే మిషన్‌కు జబ్బు ఏమీ లేదు. ఆ నల్ల కిటికీని నడిపే షెల్ అనేది తెరుచుకునేటప్పుడు, మనం ఒక్క అక్షరం కొట్టకముందే, కొన్ని ఫైళ్ళు తనంతట తాను చదువుకుంటుంది. ఎట్లా ఉండాలి, ఏ మాటకు ఏం చేయాలి అన్నీ వాటిలో ఉంటాయి. ఆ ఫైళ్ళు చదవకుండా తెరుచుకోమని ఒకసారి తెరిచాను. ఏ పలకరింపూ లేదు. కిటికీ బోసిగా ఉంది. ఎగ్జిట్ అంటే మూసుకుంది. తప్పు ఆ ఫైళ్ళలోనే ఉందని తేలింది. తేలినందుకు సంతోషించాలి, కానీ ఆ బోసి కిటికీ చూస్తే బాగోలేదు.

ముఖ్యమైన ఫైలు తెరిచి చూశాను. అందరి దగ్గరా ఉండే వరుసలే. చివరిదాకా వచ్చాననుకున్నాను, కింద అంతా ఖాళీ. ఇక్కడ లేదనుకుని మూసేయబోయి, షెల్ చదివే ప్రతి వరుసనూ పైకి చదివి వినిపించమని అడిగి మళ్ళీ తెరిచాను. వరుసలు వరదలా వచ్చాయి, ఒక్కోదానికి ముందు ఒక కూడిక గుర్తు. చివర్లో ఒకటి వేరే ఫైలును పిలుస్తోంది. ఆ ఫైలు పేరు ముందు చుక్క. చుక్క ఉంటే మామూలుగా చూసేవాళ్ళకు కనబడదు. మొదటి ఫైల్లోకి మళ్ళీ పోయి చూస్తే, ఆ పిలుపు అక్కడే ఉంది. దానికి ముందు ఎనభై ఖాళీ వరుసలు వదిలారు, ఎవరూ అంత కిందికి రాకూడదని.

చుక్క ఫైలు తేదీ రెండువేల పదిహేడు, ఆగస్టు. విష్ణు బెంగళూరు పోవడానికి రెండేళ్ళ ముందు.

తెరిచి చదివాను. పది గంటల లోపు: 'టీ తాగినావా?' రెండు దాటినాక: 'వచ్చినావా? తిన్నావా?' చీకటి పడితే: 'అలిసిపోయినావా బంగారూ?' ఇవి నేను చూసినవే. చూడనివి ఇంకో రెండు ఉన్నాయి. పన్నెండు నుంచి రెండు వరకు: 'ఆకలైతాందా? కొంచేపు ఓర్చుకో, వాళ్ళు తిని లేస్తారు.' నాలుగింటికి: 'స్టవ్ మింద పాలుండాయి, మర్చిపోవాకు.'

నిన్నటి నుంచి నేను చేసిన పొరపాటు అక్కడ తెలిసింది. తిన్నావా అంటే, ఆ నువ్వు మగవాడో ఆడదో మన భాషలో మాట చెప్పదు. నేను మగవాడనుకున్నాను. విష్ణూ తననే అనుకున్నాడు. కానీ ఈ ఇంట్లో ఏ మగవాడు వాళ్ళు తిని లేచేదాకా ఓర్చుకుంటాడు? ఏ మగవాడికి పాలు పొంగుతాయని గుర్తు చేయాలి?

ఫైలు చివర ఒక చిన్న పని రాసి ఉంది. ఎగ్జిట్ అంటే కూచోమంటుంది, పోతా అంటే అనగూడదంటుంది. 'పోయొస్తా' అని కొడితే మాత్రం 'మంచిది, బేగా రా' అని మూసుకుంటుంది. ఇంట్లోంచి కదిలేటప్పుడు అమ్మలు నేర్పే మాట.

అక్క పెరటి మెట్టు మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. ల్యాప్‌టాప్ రెండు చేతులతో పట్టుకుని పోయి, పై మెట్టు మీద కూర్చుని, ఆమె వైపు తిప్పాను.

"అక్కా, ఇది నీదా?"

అక్క చూసింది. కత్తి ఆగలేదు. "విష్ణు తీసెయ్యలేదా?"

"తీసెయ్యలే. తననే అడుగుతాంది అనుకున్నాడంట."

అక్క నవ్వింది. ఈ నాలుగు నెలల్లో ఆమె పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూడలేదు. "అనుకుంటాడు" అంది.

వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "పెండ్లప్పుడు నేను హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాంటి. పుట్టింట్లో, మిడుతూర్లో ఉన్నన్నాళ్ళు మా యమ్మ తిన్నావా తిన్నావా అని పానం తీస్తాండె. ఇసుక్కుంటాంటి. ఈడికొచ్చినాక ఎవురడుగుతారో అని వారం దినాలు చూసినా. అత్త అడగలే. మీ బావ అడగలే. చెడ్డోళ్ళని కాదు సాయీ. అడగాలని తెలీదు, అంతే. సరే అని దీనికి నేర్పిస్తి. దీంతోనే అడిగిచ్చుకున్నా."

"పని ఎందుకు మానేసినావక్కా?" అన్నాను.

"ఎవురూ మాన్పియ్యలే. ఫోన్లో ఉంటే అన్నం వార్చమంటారు. అన్నం వారుస్తాంటే ఫోనొస్తాది. ఒక దినం ఫోనెత్తలే. ఆ ఎనక విష్ణు బెంగళూరు పోతాంటే, నీకింకెందుకు, వానికియ్యి అనిరి. ఇచ్చేస్తి."

"నేను నిన్నటి నుంచి గోస్పాడు పిల్ల ఎవరో రాసిందని ఏడుస్తాండా" అన్నాను. "అంతకుముందు నాలుగు నెలల నుంచి నీ ఉగ్గాని చూసి ఏడుస్తాండా."

"నేను నీ గ్లాసు చూసి" అంది అక్క.

"ఏ గ్లాసు?"

"నీ పేరు కొట్టిచ్చింది. అంగడి మనదే, మిషనూ మనదే. ఊర్లో ఎవురికి పెండ్లయినా పేర్లు కొట్టిస్తారు. ఎనిమిదేండ్లలో నా పేరు ఒక గంటె మింద గూడా లేదు. నువ్వు దాంట్లో నీళ్ళు తాగినప్పుడల్లా కుళ్ళుకున్నా."

అక్క నా ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ తన ఒళ్ళోకి లాక్కుంది. "రేపు పరీక్షకు ఈ ఫైలు చదవకుండా తెరుచుకో. అట్ల తెరిస్తే ఏ గోలా ఉండదు. పరీక్షయినాక నీ ఇష్టం, ఉంచితే ఉంచు, తీసేస్తే తీసెయ్." చెబుతూనే ఆమె వేళ్ళు కొడుతున్నాయి, చూపు తెర మీదే, కింద అక్షరాలు చూడకుండా. పోయొస్తా. మంచిది, బేగా రా. కిటికీ మూసుకుంది. ఎనిమిదేళ్ళ కింద రాసిన ఆ నాలుగు వరుసలు నేను ఈరోజు రాసినా అంత శుభ్రంగా రాయలేను. అది చూస్తుంటే మళ్ళీ అసూయ వేసింది. ఈసారి దాన్ని తోసేయాలనిపించలేదు.

"ఎక్కడి నుంచి వస్తాందో తెల్సింది. ఎందుకు వస్తాందో చందన మేడమ్‌కు చెప్పొచ్చా అక్కా?"

"చెప్పు. ఎవురు రాసినారో గూడా చెప్పు. నా పేరు చెప్పు."

ఒంటిగంటన్నరకు మామా, బావా, విష్ణూ అంగడి నుంచి వచ్చి కూర్చున్నారు. అక్క పప్పు వడ్డిస్తోంది, నేను అన్నం. అత్త గుమ్మం దగ్గర నిలబడి ఎవరికేం కావాలో చూస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ గుమ్మం దగ్గరే నిలబడిందని, నిలబడినంతసేపూ ఆకలితోనే ఉందని నాకు అంతవరకు తట్టలేదు.

"ఏమ్మా, పాసయినావంటనే" అన్నాడు మామ.

"రేపు రెండింటికి ఇంటర్వ్యూ మామా."

"రెండింటికంటే ఎట్లమ్మా" అంది అత్త. "వీళ్ళు తిని లేసేది, మనం కూచునేది అప్పుడే గదా."

"అదే చెప్తాండా అత్తా." గరిటె గిన్నెలో పెట్టాను. విష్ణు తలెత్తి చూశాడు. "ఏమండీ, రేపు పొద్దున మీ చేతికి రెండు ప్లేట్లిస్తా. ఒకదాని మింద ప్రభావతి అని, ఇంకోదాని మింద రంజని అని కొట్టిచ్చి పన్నెండుకల్లా పంపండి. పన్నెండున్నరకు అత్తా, అక్కా, నేనూ తినేస్తాం. రెండింటికి అక్క నా పక్కన కూచుంటాది. మీ అన్నం మూత పెట్టి ఉంటాది, వచ్చి వడ్డించుకోండి. ఇంట్లోకి వస్తూనే మాత్రం, చెప్పులు విప్పకముందే, తిన్నారా అని ఒక మాట అడగండి. తిన్నాం అని చెప్తాం."